దీవెనమ్మ పిడికెడు

"ఇప్పుడు ప్రార్థన చేసుకోండమ్మా" అంది పుష్యమి.

దీవెనమ్మ కదల్లేదు. నున్నగా గీసిన తల మీద చేపల వలలాంటి టోపీ ఒకటి బిగించారు. దాన్నుంచి సన్నటి తీగలు వెనక ఉన్న యంత్రంలోకి పోతున్నాయి. ఆమె చెయ్యి అలవాటుగా కొంగు దాకా వెళ్లింది. కొంగు చెవి దాకా వచ్చి, తీగలు తగిలి ఆగిపోయింది.

"ఎట్టా చేసేది మేడం? ముసుగు లేదుగా."

"పర్లేదమ్మా. తీగల మీద బట్ట పడితే కొలత చెడిపోతుంది. కాసేపు అట్లాగే కళ్లు మూసుకోండి."

"బోడితలతో, ముసుగు లేకండా దేవుడి ముందా? మా అత్త వింటే గుమ్మం తొక్కనియ్యదు. ఇంకేదన్నా చెప్పు తల్లీ, అదే చేస్తా."

పుష్యమి నవ్వింది. వయసులో చిన్నది, మాట మెత్తన. ఆ పరిశోధనాలయంలో చేరిన దగ్గర్నుంచీ రోగుల జ్ఞాపకాలు కొలవడమే ఆమె పని. ఒకరి నమ్మకం జోలికి బలవంతంగా పోవడం ఆమెకు ఇష్టం లేదు.

"సరే, అది వదిలేద్దాం. అన్నం ఎట్లా వండుతారో చూపించండి" అని ముందు బల్ల మీద బియ్యం, గిన్నె, నీళ్లు పెట్టింది.

ఆ మాటకి దీవెనమ్మ ప్రాణం తేలికపడింది. స్టీలు గ్లాసుతో బియ్యం కొలిచి గిన్నెలో పోసింది. పోసినదాంట్లోంచి పిడికెడు తీసి బల్ల అంచున పెట్టింది. తర్వాత నీళ్లు పోసి కడగడం మొదలుపెట్టింది.

"అవి పక్కకి తీశారేం? రాళ్లున్నాయా?"

"ఏవి?" అంది దీవెనమ్మ, చేతులు నీళ్లలో ఆడిస్తూనే.

యంత్రం మీద ఆకుపచ్చ గీతలు చక్కగా లేచి పడుతున్నాయి. పుష్యమి ఇంకేం అడగలేదు.

దీవెనమ్మ నుదుటి వెనక గడ్డ ఒకటి పెరుగుతోంది. దాన్ని తీస్తే చుట్టూ ఉన్న మెదడు కూడా కొంత పోతుంది. పోయినచోట పెట్టడానికి ఆమె రక్తంలోంచే కొత్త కణాలు తీసి, పల్చటి పొరలా పెంచుతున్నారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'నేత'. పుట్టిన బిడ్డలాగే దానికేమీ తెలియదు. అందుకని ముందే మనిషి చేత అన్నీ చేయించి, ఆ గీతల్ని దాచి, నేతకు నేర్పుతారు. ఊళ్లోవాళ్ల ముఖాలు, ఇంటి దారి, కూరలో ఉప్పు, పాడే పాటలు, అన్నీ. ఆ గీతల్లో దొరకనిది మాత్రం దానికి నేర్పలేరు.

డాక్టర్ చక్రపాణి ఇదంతా చెబుతుంటే దీవెనమ్మ మొగుడు యోబు శ్రద్ధగా విని తల ఊపాడు. అతను ఊళ్లో ట్రాలీ ఆటో నడుపుతాడు.

"అంటే పాత బండిలో పాటలన్నీ కొత్త బండిలోకి ఎక్కించినట్టు. అంతేనా సార్?"

"దాదాపు అంతే."

"ఎక్కించడం మర్చిపోయిన పాట?"

"అది ఇక రాదు" అన్నాడు డాక్టరు.

*

దీవెనమ్మ బతికింది. చిన్న పిల్లలా నడక నేర్చుకుని, తల మీద గరుకుగా జుట్టు మొలుస్తుండగా యోబు ఆటోలో పరుపు మీద కూర్చుని ఇంటికి వచ్చింది.

గుమ్మంలోనే ఆపి పరీక్ష పెట్టింది అత్త సీయోనమ్మ. ఆవిడకి మోకాళ్లు పనిచేయవు గానీ నోరు బాగా పనిచేస్తుంది.

"నా పేరేందే?"

"సీయోనమ్మ."

"నిన్ను ఎన్నిసార్లు తిట్టా?"

"దానికి లెక్కేంది అత్తా!"

"బుర్ర బాగానే ఉందిరా యోబూ. దిగనియ్యి."

పేటలో ఆడవాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు. ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ శుక్రవారం శుక్రవారం వాళ్లు పస్తులుండి ప్రార్థన చేశారు. ఒక్కొక్కరినీ దీవెనమ్మ పేరు పెట్టి పిలుస్తుంటే వాళ్లు ఏడ్చారు, నవ్వారు, స్తోత్రం చెప్పారు. ఆమె వాళ్లని చూస్తూ కూర్చుంది. అందరి ముఖాలూ తెలుసు, ఎవరు ఏం చేశారో కూడా తెలుసు. తెలియడం వరకే ఉంది.

ఆ సాయంత్రం ముసుగు వేసుకుని మోకాళ్ల మీద కూర్చుంది. మాటలన్నీ వచ్చాయి, ఒక్కటీ తప్పలేదు. ఇదివరకు అట్లా కూర్చుంటే రొమ్ము వెనక వెచ్చగా ఏదో లేచేది. ఎవరో పక్కకి వచ్చి కూర్చున్నట్టుండేది. ఇప్పుడు లేదు. అవతల ఎవరూ ఎత్తని ఫోనులో మాట్లాడుతున్నట్టుంది.

నీరసం వల్లేమో అనుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

అన్నింటికంటే యోబు విషయమే ఆమెను భయపెట్టింది. రోజూ పొద్దున్నే అతను వేడినీళ్లు పెట్టి, ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకుని, డాక్టరు చూపించినట్టు వేళ్లు ఒక్కొక్కటే వంచేవాడు. ఆసుపత్రిలో ఆమె చీర కూడా అతనే కట్టాడు, నర్సులు నవ్వుతుంటే పట్టించుకోకుండా. ఆమె అతని నడినెత్తి చూస్తూ కూర్చునేది. కరెంటు స్తంభాన్ని చూసినట్టే ఉండేది.

ఒకరోజు ఉండబట్టలేక చెప్పింది.

"ఏమయ్యా, నువ్వు నాకెంత చేశావో నాకు తెలుసు."

"చేస్తే చేశాలే. ఆ వేలు వంచు."

"తెలుసుగానీ, లోపల ఏమీ కదలడం లేదయ్యా. నీ మీదా లేదు, దేవుడి మీదా లేదు. ఎండిపోయిన బావిలోకి చేద వేసినట్టుంది."

యోబు వేలు వదలలేదు. "పెళ్లైన కాణ్ణించీ నిన్ను కదిలించాలని చూస్తన్నా, ఎప్పుడు కదిలావులే" అన్నాడు నవ్వుతూ. తర్వాత లేచి బయటికి వెళ్లి, అప్పటికే తుడిచి ఉన్న ఆటోని చాలాసేపు తుడిచాడు.

ఆ పూటే ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. వాళ్ల పేటలో ఏ ఇల్లాలైనా అన్నం వండే ముందు ఎసట్లో వేసే బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడికి తీసుకెళ్లి ఇస్తుంది. దీవెనమ్మ కూడా కాపురానికి వచ్చినప్పటి నుంచీ వేస్తూనే ఉంది. ఆసుపత్రికి వెళ్లేముందు కుండ ఊడ్చి ఇచ్చి వెళ్లింది. ఇక వేయకూడదనుకుంది. మనసులో ఏమీ లేకుండా ఇస్తే అది దేవుడికి ఎంగిలి పెట్టినట్టే. కొన్నాళ్లు జనంలోకి వెళ్లొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి గుడికి పోయే పని ఎలాగూ లేదు. వంటింటి మూలన మూత పెట్టి ఉన్న ఆ కుండ వైపు చూడడం కూడా మానేసింది.

ఇంతలో కూడిక రోజు ఖాయం చేశారు. రోగం నుంచి లేచిన మనిషి ఊళ్లోవాళ్లని పిలిచి, అన్నం పెట్టి, వాళ్ల ముందు నిలబడి దేవుడు తనకు చేసిన మేలు చెప్పాలి. ఆపరేషన్ గది బయట నిలబడి యోబు దేవుడికి ఆ మాట ఇచ్చాడు. ఇప్పుడు దీవెనమ్మ నోరు తెరిచి ఏం చెప్పాలి? లేనిది ఉందంటే అబద్ధం. లేదంటే, తన కోసం పస్తులున్నవాళ్ల ముఖాల మీద కొట్టినట్టు. కూడిక దగ్గరపడే కొద్దీ దీవెనమ్మకు అన్నం సయించలేదు.

*

పరీక్షలకు మళ్లీ వెళ్లినప్పుడు పుష్యమితో ఈ సంగతి చెప్పింది. పుష్యమి అంతా విని చివరికి కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

"ప్రార్థన చేయమన్నాను. మీరు ముసుగు లేదన్నారు."

"అన్నాను."

"మీ మెదడులో కృతజ్ఞత పుట్టేచోటూ ప్రార్థన చేసేచోటూ ఒకటే అయ్యుంటుంది. ఆ చోటు గడ్డతో పాటు పోయింది. దాని గీతలు మా దగ్గర లేవు." ఆమె యంత్రం వైపు చూసింది. "బట్ట కప్పితే కొలత కాస్త చెడేది. చెడితే చెడిందని, కప్పుకోనిచ్చి తీసుకోవాల్సింది. తప్పు నాదేనమ్మా."

"చెయ్యనని మొండికేసింది నేనైతేను!"

డాక్టర్ చక్రపాణి దిగులుపడే మనిషి కాదు. విని, వెంటనే దారి చెప్పాడు. వేరే ఊరావిడ ఒకామెకి ఇదే చికిత్స చేశారట. పేరు చెప్పకూడదు. భక్తి ఎక్కువ, ప్రార్థనలో కూర్చుంటే యంత్రం గీతలు తెర పట్టనంత ఎత్తు లేస్తాయట. ఆ గీతల్ని దీవెనమ్మ నేతకు నేర్పితే సరిపోతుంది.

"ముందు కాసేపు టోపీతో రుచి చూపిస్తాం. నచ్చితే నేర్పేద్దాం. మీ కూడిక నాటికి మామూలు మనిషైపోతారు."

టోపీ పెట్టారు. పుష్యమి మీట కదిపింది.

ముందు ఒళ్లంతా వెచ్చబడింది. తర్వాత వరద వచ్చిపడింది. దీవెనమ్మ కళ్లు ధారలు కట్టాయి. పైన తిరుగుతున్న ఫ్యాను ఎంత మంచిది! ఎవరూ అడక్కుండానే గాలి ఇస్తోంది. కిటికీ ఊచలు, గోడ మీద గడియారం, తలుపు దగ్గర తుడిచే నీళ్లున్న ప్లాస్టిక్ బకెట్, అన్నీ తన కోసమే నిలబడినట్టుంది. బకెట్‌కి చేతులెత్తి దణ్ణం పెట్టింది. "స్తోత్రం, స్తోత్రం" అంటూనే ఉంది.

మీట కట్టేశారు. వరద తీసేసింది.

"ఎట్లా ఉంది?" డాక్టరు ముఖం వెలిగిపోతోంది.

"బాగుందండీ" అంది దీవెనమ్మ ముక్కు తుడుచుకుంటూ. "శానా బాగుంది."

"అయితే నేర్పేద్దామా?"

ఆమె బకెట్ వైపు చూసింది.

"వద్దులెండి."

"అదేంటి! బాగుందన్నారు కదా?"

"ఆ బకెట్ మీద కూడా అంతే బాగుందండీ. మా ఆయన అప్పుడు నాకు గుర్తు రాలేదు. మా పేటలోవాళ్లు ఒక్కరూ గుర్తు రాలేదు. వాళ్లు పస్తులుంటే నేను బకెట్‌కి దణ్ణం పెట్టాను." ఆమె టోపీ విప్పమని తల వంచింది. "ఆవిడెవరోగానీ ఆవిడ ఎవర్ని తలుచుకుందో, ఆ మనుషులు ఆవిడ దగ్గరే ఉండిపోయారు. నాకు వచ్చింది ఒట్టి ఏడుపే."

డాక్టరు టోపీ విప్పమని పుష్యమికి సైగ చేశాడు.

బయటికి తీసుకొస్తూ పుష్యమి చెప్పింది: "నేత ఇంకా పచ్చిగానే ఉందమ్మా. తనంతట తనే కొత్తగా అల్లుకోగలదు. కాకపోతే ఎక్కడో ఒక కొస మిగిలి ఉండాలి. పాత దారం కొస. అది దొరికితే దాన్ని పట్టుకుని పెరుగుతుంది."

"అది లేదనేగా ఇందాకటి నుంచీ చెప్తన్నావు."

పుష్యమి తల దించుకుంది. ఆ పిల్ల ముఖం చూస్తే జాలిపడాలని దీవెనమ్మకు తెలుసు. "కూడికకి రా అమ్మాయ్" అంది. "వచ్చి అన్నం తిని పో."

*

కూడిక పొద్దున షామియానా కింద రాళ్ల పొయ్యి మీద గుండిగ ఎక్కించారు. ఎసరు కాగుతోంది. సీయోనమ్మ పొయ్యి దగ్గర కుర్చీ వేయించుకుని అందరి మీదా అరుస్తోంది. పుష్యమి బస్సు దిగి వచ్చింది. ఆమె చేతికి మజ్జిగ గ్లాసిచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు.

"దీవెనా! దేవుడి కుండ తీసుకురావే. ముందు దాంట్లోంచి దోసెడు పడాలి ఎసట్లో."

ఆ ఇంట్లో ఏ కార్యానికి వండినా అదే పద్ధతి. దీవెనమ్మ ఆ సంగతే మర్చిపోయింది. 

"అత్తా, ఆ కుండలో ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేందే? వచ్చినకాణ్ణించీ వండేది నువ్వేగా?"

"వండుతున్నా." ఇంత మందిలో చెప్పాల్సి వస్తుందనుకోలేదు. గొంతు తగ్గించింది. "పిడికెడు తీయడం మానేశా అత్తా."

పొయ్యి దగ్గర ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. సీయోనమ్మ నోట మాట రాలేదు. ఆ ఇంట్లో అది అరుదు. యోబు పెళ్లాం ముఖం చూశాడు, తల్లి ముఖం చూశాడు. ఎవరూ ఏమీ అనకముందే వంటింట్లోకి వెళ్లాడు.

వచ్చేటప్పుడు అతను కుండని రెండు చేతులతో పట్టుకుని, కాస్త వెనక్కి వంగి నడిచాడు. తెచ్చి అరుగు మీద దించి మూత తీశాడు.

మూతి దాకా బియ్యం.

"మానేశానన్నావు?" అన్నాడు.

దీవెనమ్మ వంగి చూసింది. చెయ్యి లోపలికి పెట్టింది. అడుగున ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తల్లో వండిన దొడ్డు బియ్యం, పైన మొన్న తెచ్చిన సన్నాలు. తమ ఇంటి బియ్యమే.

"ఎవరు పోశారు?"

"ఎవరు పోస్తారే? మీ అత్తకి వంటింటి గడప దాటే కాళ్లున్నాయా? నాకు బియ్యం డ్రమ్ము ఎక్కడుందో కూడా తెలియదాయె."

అరుగు మీద పుష్యమి లేచి నిలబడింది. మజ్జిగ ఒలికినా చూసుకోలేదు.

"బల్ల అంచు" అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"అన్నం వండి చూపించమన్నప్పుడు మీరు పిడికెడు తీసి బల్ల అంచున పెట్టారమ్మా. రాళ్లున్నాయా అని అడిగితే మీరు వినిపించుకోలేదు. నేను అది కూడా వంటలో భాగమే అనుకున్నాను. వంటతో పాటు దాన్ని కూడా నేతకు నేర్పాం. ఇది దేవుడి కోసమని నాకు తెలియదు."

దీవెనమ్మ తన కుడిచేతిని కొత్తగా చూసినట్టు చూసుకుంది.

"అయితే ఇది నేను వేసింది కాదు. నీ యంత్రం వేసింది."

"యంత్రమంట!" అప్పటిదాకా ఆగిన సీయోనమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. "ఆ చేతికి నేర్పింది నేనే. కాపురానికొచ్చిన కొత్తల్లో రోజూ మర్చిపోయేది. మర్చిపోయినప్పుడల్లా గరిటె కాడతో ఆ మెటికల మీదే కొట్టేదాన్ని. దానికి ఇష్టమై వేసిందా అప్పుడు? నన్ను తిట్టుకుంటా వేసేది. తిట్టుకుంటా వేసినా తిన్నోళ్లకి కడుపు నిండింది. నీళ్లు మసిలిపోతన్నాయి, వెయ్యండే బియ్యం!"

ఎవరో కిసుక్కున నవ్వారు. యోబు దోసెడు తీసి ఎసట్లో వేశాడు.

*

పాటలయ్యాయి. పాస్టరుగారు ప్రార్థన చేసి, "దీవెనమ్మగారు సాక్ష్యం చెబుతారు" అన్నారు.

దీవెనమ్మ ముసుగు వేసుకుని లేచింది. మళ్లీ వెనక్కి వెళ్లి, అరుగు మీద కుండ ఎత్తుకుని వచ్చి నిలబడింది. రెండు చేతులకూ నిండుగా ఉంది.

"అందరికీ వందనాలు. నేను బతికాను. డాక్టర్లు బతికించారు, మీరు పస్తులుండి బతికించారు. దేవుడు బతికించాడని మీరంతా అంటున్నారు. నేనూ అదే నమ్ముతున్నాను. కానీ వెనకట్లాగా నాకు లోపల ఏమీ తెలవడం లేదు. ప్రార్థనకి కూర్చుంటే ఒంటరిగా ఉంటుంది. మా ఆయన కాళ్లు పిసుకుతుంటే కూడా అంతే. ఉందని చెబితే అది అబద్ధం. అది చెప్పడానికి మిమ్మల్ని పిలవలేదు."

షామియానా కింద చిన్నగా కదలిక. ముందు వరసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యోబు నేల చూస్తున్నాడు.

"మనసు లేదు కదా అని దేవుడికి పెట్టడం మానేశాననుకున్నా. పొద్దున కుండ తీస్తే నిండుగా ఉంది. మనసు మానేసిందిగానీ చెయ్యి మానలేదు. ఎందుకు మానలేదంటే..."

ఆమె సీయోనమ్మ వైపు తిరిగింది. ముసలామె కుర్చీలో ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఒక్క మాట పోకుండా వింటోంది. ఆ చేతి మెటికలు వాచి, వంకర్లు పోయి ఉన్నాయి. ఆ చేతితోనే గరిటె తిప్పి కొట్టింది. కొట్టిన రోజు సాయంత్రం కోడలి వేళ్లు బిగుసుకుపోతే, ఎవరూ చూడకుండా ఆముదం రాసింది కూడా ఆ చేతే. ఆ సంగతి ఏ యంత్రం ముందూ దీవెనమ్మ చెప్పలేదు. ఇన్నాళ్లూ గుర్తు కూడా రాలేదు. ఇప్పుడు ఆముదం వాసనతో సహా వచ్చింది.

రొమ్ము వెనక ఏదో కదిలింది.

వరద కాదు. బాగా ఎండిన నేల మీద చుక్క పడితే మట్టి కాస్త లేచి మళ్లీ కూర్చున్నట్టు, అంతే. కానీ దానికి ముఖం ఉంది. ముడతలు పడి, చిరాగ్గా, తన వైపే చూస్తున్న ముఖం.

"ఎందుకంటే, మా అత్త నేర్పింది" అంది దీవెనమ్మ.  "అత్తా, నీకు వందనాలు."

సీయోనమ్మ కళ్లద్దాలు తీసి, పెట్టుకుని, మళ్లీ తీసింది.

"నాకెందుకే వందనాలు? అదిగో, ముసుగు జారిపోయింది. ముందు అది సర్దుకో."

నిజమే. కొంగు భుజం మీదికి జారింది. అంగుళం జుట్టుతో, చెవి పైన కుట్ల మచ్చతో ఆమె తల అందరి ముందూ ముసుగు లేకుండా ఉంది. సర్దుకుందామంటే రెండు చేతుల్లోనూ కుండ ఉంది.

దీవెనమ్మ కుండ దించలేదు. అట్లాగే కళ్లు మూసుకుని, ముందు అత్త పేరు చెప్పింది, తర్వాత యోబు పేరు చెప్పింది. ఆ తర్వాత శుక్రవారం పస్తులున్న ఆడవాళ్లని ఒక్కొక్కరినే, తొందర లేకుండా, పేరు పేరునా చెప్పుకుంటూ పోయింది.